చుక్క పక్కన సున్నా

ప్రొద్దుటూరు, బంగారంగళ్ల వీధి. ఒక అంగడి మీద మిద్దె గది. శుక్రవారం సాయంత్రం.

“నేను ముట్టలా అంటే ముట్టలా. ఎన్ని తూర్లు చెప్పాలమ్మా?”

“అరవద్దండి మామా. ఈ కంప్యూటర్ ముందర నేను గాక ఇంకెవురు కూచుంటారు ఈ ఇంట్లో? మీ కొడుకు శ్రావణ్ చూస్తే కోయంబత్తూరులో ఉండాడు. అత్తమ్మ ఈ గదిలోకే రాదు.”

“అయితే మిగిలింది నేను. దొంగను నేను. సోమవారం జమ్మలమడుగు పోయొచ్చినప్పట్నుంచి నడుము పట్టుకోని మూలుగుతాండా. మిద్దె ఎక్కిందే ఈ పొద్దు, నువ్వు కేక పెట్టినావని.”

“పోయిన దసరాకు పెట్టలేదా మీరు? నేను కాఫీ కలుపుకోని వచ్చేలోపల, డాక్టరు చెప్పిన అంకెల పక్కన వరసగా సున్నాలు పెట్టలేదా?”

“అది దసరా సంగతి. నువ్వు వద్దన్న్యావు, మానేసినా.”

“మానేసినారా?”

“కన్యకాపరమేశ్వరి అమ్మవారి సాక్షిగా మానేసినా. ఇంతకూ ఏమైంది? ఎవురు ఫోన్ చేసింది? శుక్రవారం పూట, దీపం పెట్టే ఏళకు ఆ ఏడుపేంది మంజూ?”

“సనా చేసింది.”

“ఏ సనా?”

“మా ఆఫీసులో ఆ అమ్మాయి మామా. డాక్టర్లు మాట్లాడి పంపింది విని నేను టైపు చేస్తానే, అది పోయే ముందర ఇంకోసారి చూసేది సనానే. పులివెందుల ఆస్పత్రి కాయితం ఒకటి పని ఎక్కువై చూడకుండానే పోయిందంట. ఇప్పుడు పాతవి తిరగేస్తాంటే కండ్లబడిందంట.”

“ఏముండాది దాంట్లో?”

“గుండె ఆపరేషన్ అయిన పాప మామా. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేటప్పుడు ఇచ్చే కాయితం. ఏ మాత్ర ఎంత వేయాల అనేది. రక్తం గడ్డ కట్టకుండా ఒక మాత్ర ఇస్తారు. డాక్టరు ఒక మిల్లీగ్రాము అన్న్యాడు. ఒట్టి ఒకటి రాయాల. కాయితంలో ఒకటి, చుక్క, సున్నా ఉండాది.”

“ఉంటే?”

“ఉంటే ఏందంటారా?”

“ఒకటి చుక్క సున్నా అంటే ఒకటే గదమ్మా. ఈ మాత్రానికి...”

“మన అంగట్లో ఒకటే. ఆస్పత్రిలో ఆ చుక్క అచ్చులో పడకపోతే? మడత మీద చెరిగిపోతే? మందులంగడాయన కండ్లకు ఆనకపోతే? పది మామా! పది మిల్లీగ్రాములు!”

“పదా?”

“ఒకటి వేయాల్సిన చిన్నబిడ్డకు పది. రక్తం నీళ్లయిపోతాది. యాడ చిన్న దెబ్బ తగిలినా ఆగదు. దెబ్బ తగలకున్న్యా లోపల కారుతాది.”

“ఓరి దేవుడా. కూచో. ముందు నువ్వు కూచోమ్మా.”

“మాకు మొట్టమొదట నేర్పించేదే అది. నిండు అంకె వస్తే పక్కన చుక్కా సున్నా పెట్టొద్దు. అరా పావూ వస్తే చుక్క ముందర సున్నా మరిచిపోవద్దు. నిద్రలో లేపి అడిగినా చెప్తా. నా చెయ్యి తప్పు పోదు మామా. పోదు.”

“మా లెక్క వేరే. వెండికి చుక్క పక్కన ఒక సున్నా, బంగారుకు మూడు. తూకం చీటీలో ఒట్టి అంకె రాసి వదిలితే...”

“దొంగకు తలుపు తీసి పెట్టినట్టే. తెలుసు. పెండ్లయి వచ్చినప్పట్నుంచి వింటాండా.”

“మా నాయన కాలం నుంచి వస్తాండే పద్ధతమ్మా అది. నువ్వు ఒకటి అని వదిలితే, కొన్నోడు ఇంటికి పోయి చుక్క పెట్టి తొమ్మిది చేర్చుకోని వస్తాడు. సున్నా పెడితే తాళం వేసినట్టు.”

“ఆ తాళమే ఇప్పుడు ఆ పాప మెడకు పడింది. నిజం చెప్పండి మామా, మీరు...”

“నాతో ఏందమ్మా నీకు? ఫోన్ చెయ్యి! ఆస్పత్రికి చెయ్యి ముందు!”

“చేస్తానే ఉండా. ఎంగేజ్ వస్తాంది. సనా కూడా చేస్తాంది. డాక్టరు ఆపరేషన్‌లో ఉండాడంట. పాప వాళ్ల నాయన నెంబరు పంపింది, రాజశేఖర్ అంట, వేముల దగ్గర పల్లె. అది స్విచ్చాఫ్.”

“వేముల పక్క అంటే తుమ్మలపల్లె గనిలో పనేమో. డ్యూటీలోకి దిగితే ఫోను బయట పెట్టి పోతారు. ఇంకో నెంబరు లేదా?”

“ఉండాది. స్పీకర్లో పెట్టినా. మోగుతాంది. మోగుతాంది... ఎత్తరు.”

“మళ్లీ చెయ్యి.”

“ఆ మాత్ర పొద్దుమునిగే ఏళకు వేసేది. నేనే టైపు చేసినా ఆ మాట. బయట చూడండి మామా, పొద్దు ఉండాదా?”

“ఉండాది, ఉండాది. ఎదురింటి గోడ మీద ఇంకా ఎండ ఉండాది. చెయ్యి నువ్వు.”

“ఎత్తినారు! హలో! హలో, రాజశేఖర్ గారి ఇల్లేనా?”

“ఎవురు? గట్టిగా మాట్లాడు, నాకు చెవుడు.”

“అమ్మా, నేను ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతాండా. ఆస్పత్రి కాయితాలు రాసే అమ్మాయిని. మీరెవురు?”

“రాజమ్మను. రాజశేఖర్ తల్లిని. ప్రొద్దుటూరులో మాకు ఏ ఆస్పత్రీ లేదే. లోనూ గీనూ మాకొద్దు తల్లీ, పెట్టేయ్.”

“లోన్ కాదవ్వా! పెట్టొద్దు, పెట్టొద్దు! సహస్ర మీ మనవరాలే గదా? పులివెందులలో ఉండింది గదా?”

“ఉండింది. నీకెవురు చెప్పినారు?”

“పాప ఎట్లుండాది?”

“ఎందుకడుగుతాండావు? ఎవురమ్మా నువ్వు? మా పాపకేమైంది?”

“ఏం కాలేదవ్వా, ఏం కాలేదు. సాయంత్రం మాత్ర వేసినావా?”

“చేతిలో పెట్టుకోనుండా. నీళ్లు ముంచుకుంటాంటే నీ ఫోనొచ్చె.”

“వేయొద్దు! వేయొద్దవ్వా! కింద పెట్టేయ్!”

“అట్ల అరుస్తావేంది? గుండె ఝల్లుమనె నాకు.”

“ఎన్ని మాత్రలుండాయి చేతిలో?”

“రెండు.”

“రెండెందుకు? ఎవురు చెప్పినారు రెండని?”

“మందులంగడాయన. కాయితంలో పది ఉండాది, నాకాడ అయిదువి ఉండాయి, పొద్దుకు రెండెయ్యి పెద్దమ్మా అన్న్యాడు. సోమవారం రాత్రి ఇంటికొచ్చినప్పట్నుంచి ఒక్క పూట తప్పకుండా నా చేత్తో నేనే వేస్తాండా.”

“సోమవారమా? మంజూ, అడుగమ్మా. సోమవారమే పంపించినారా ఆస్పత్రి నుంచి?”

“అదిప్పుడెందుకు మామా! అవ్వా, విను. పాపకు యాడన్నా రక్తం వస్తాందా? ముక్కులో? చిగుర్లలో?”

“ఉండు, నోరు తెరిపించి చూస్తా.”

“అవ్వా! ఉండావా?”

“పొద్దున పండ్లు తోముకుంటాంటే వచ్చింది. గట్టిగా రుద్దినావేమే అని తిట్టినా. బిడ్డను తిట్టినా తల్లీ. మోకాటి కాడ నల్లగా కమిలింది. ఆడుకుంటా కొట్టుకునిందేమో అనుకున్న్యా. అది ఆడుకునేది యాడ? మంచం దిగితేగా.”

“మామా...”

“విన్నా. ధైర్యంగా మాట్లాడు. నువ్వు ఏడిస్తే ఆమె పడిపోతాది.”

“అవ్వా, పాప మేలుకోనుండాదా? ఫోను పాపకియ్యి.”

“హలో. అక్కా, మా అవ్వ ఎందుకు ఏడుస్తాంది?”

“ఏం లేదు బంగారూ. నీకు తల నొప్పి గానీ, కడుపు నొప్పి గానీ ఉండాదా?”

“లేదు. నోట్లో ఉప్పగా ఉంటాది. నన్ను మళ్లీ ఆస్పత్రికి పంపిస్తారా?”

“ఒక్కసారి చూపిచ్చుకోని వచ్చేద్దువు. అవ్వకియ్యి ఫోను. అవ్వా, పాపను ఇప్పుడే పులివెందులకు ఎత్తుకపోండి. ఇప్పుడే.”

“కొడుకు డ్యూటీకి పోయినాడు. కోడలు పుట్టినింటికి పోయింది, వాళ్లమ్మకు బాగలేక. ఎవురుండారు నాకు?”

“పక్కింట్లో బండి లేదా? ఆటో లేదా?”

“హుమాయున్ ఆటో ఉండాది.”

“పిలువు అతన్ని. మాత్రలూ, కాయితమూ కొంగున కట్టుకో. పాప తల నీ ఒళ్లో పెట్టుకో, దేనికీ తగలకుండా.”

“తల్లీ, ఒక మాట. చచ్చిపోతాదా మా పాప?”

“లేదవ్వా.”

“ఒట్టు పెట్టు.”

“ఆటో పిలువవ్వా!”

“ఒట్టు పెట్టమంటే ఆటో అంటావేంది?”

“పిలువవ్వా, నీ కాళ్లకు మొక్కుతా, ముందు పిలువు! ...పెట్టేసింది మామా.”

“నీళ్లు తాగు.”

“నాకొద్దు. ఒట్టు పెట్టలేకపోయినా. నోరు రాలేదు.”

“నాకైనా రాదు. తాగు ముందు.”

“మీరెందుకట్ల గోడకు ఆనుకున్న్యారు? నడుము నొప్పా?”

“ఏం లేదు. సోమవారం అనిందామె.”

“ఏ వారమైతే ఏంది మామా ఇప్పుడు? ఆస్పత్రి నుంచి ఫోను! హలో సార్. సార్, నేను మంజుశ్రీని, ప్రొద్దుటూరు నుంచి, మీ రికార్డింగులు టైపు చేసే...”

“ఇప్పుడే బయటికి వచ్చానమ్మా. నర్సు చెప్పింది. సహస్ర ఎక్కడుంది?”

“ఆటోలో ఎక్కించమని చెప్పినా సార్. సాయంత్రం మాత్ర వేయకముందే ఆపినా. చిగుర్లలో రక్తం వస్తాందంట. మోకాటి కాడ కమిలిందంట.”

“తల తిరగడం, వాంతులు?”

“లేదు సార్. నాతో మాట్లాడింది. చక్కగా మాట్లాడింది.”

“దేవుడి దయ. రానివ్వండి. దానికి విరుగుడుంది, రక్తం పరీక్ష చేసి చూసుకుంటూ ఇస్తాం. నేను చెప్పింది ఒకటి. ఒకటి అనే చెప్పాను, రికార్డింగు నా దగ్గరుంది. ఆ సున్నా ఎవరు పెట్టారు?”

“సార్... నేను... నేను ఎప్పుడూ అట్ల...”

“ఎవరు పెట్టారమ్మా? పిల్ల తండ్రి వచ్చి నా కాలరు పట్టుకుంటాడు రేపు. నేనేం చెప్పాలి?”

“సార్, నా చెయ్యి...”

“ఫోను ఇటియ్యమ్మా.”

“మామా, మీరుండండి.”

“ఇటియ్యంటే ఇయ్యి. సార్, నమస్కారం. బాలకృష్ణయ్యను. ఈ పిల్ల మామను. ఆ సున్నా నేను పెట్టినా.”

“మీరా? మీకేం పని ఆ కాగితంతో?”

“నాది బంగారంగడి సార్. ఒట్టి అంకె కనబడితే చెయ్యి ఊరుకోదు. కోడలు కింద అంగట్లో ఉన్నింది. నేను పైకొచ్చినా, చూసినా, పెట్టినా. ఆ పిల్లకు తెలీదు.”

“తెలియకపోతే సరిపోతుందా? పిల్ల ప్రాణమండీ అది! మీ అంగట్లో గాజు కాదు, మళ్లీ కరిగించి పోయడానికి!”

“సరే సార్. ఎన్నైనా అనండి. నన్ననండి.”

“రాసిస్తారా ఇదే మాట?”

“రాసిస్తా. సంతకం పెడతా. పోలీసులు పిలిచినా వస్తా. కోడలి పని మాత్రం తీసేయొద్దు సార్.”

“అది తర్వాత చూద్దాం. పిల్ల రానీ ముందు.”

“...పెట్టేసినాడు.”

“ముట్టలా అన్న్యారు.”

“అన్న్యా.”

“అమ్మవారి మీద ప్రమాణం చేసినారు!”

“చేసినా.”

“ఇంతసేపూ నా మొగం చూస్తా, ఆ అవ్వ ఏడుస్తాంటే వింటా, ముట్టలా ముట్టలా అని... ఎట్ల నోరొచ్చింది మామా? ఆ పాప నోట్లో ఉప్పగా ఉండాదంట. ఉప్పగా ఉండేది ఏంది? రక్తం మామా, రక్తం!”

“తిట్టమ్మా. కడుపారా తిట్టు.”

“పెద్దోళ్లని ఊరుకుంటా వచ్చినా. దసరాకు పెడితే నవ్వి ఊరుకున్న్యా. ఆ పొద్దే ఈ గదికి తాళం వేసుకోనుంటే సరిపోయేది. నేను చెప్తానే ఉన్న్యా గదా, నా చెయ్యి తప్పు పోదని!”

“పోదు తల్లీ. నీ చెయ్యి తప్పు పోదు. ఆ అవ్వకు ఇంకోసారి చెయ్యి, యాడుండారో కనుక్కో.”

“...హలో అవ్వా, యాడుండారు?”

“ఆటోలో ఉండాం. వేముల దాటినాం. తల్లీ, ముక్కులో నుంచి వస్తాంది.”

“ముక్కులో నుంచా? ఎంత?”

“కొంగు తడిసింది.”

“పాపను పండుకోబెట్టొద్దు, కూచోబెట్టి ముందుకు వంచు. ముక్కు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకో. వదలొద్దు. హుమాయున్ అన్నకు వినబడేట్టు పెట్టు. అన్నా, గుంతల్లో ఎగరేయొద్దన్నా. తల కొట్టుకుంటే కష్టం.”

“మెల్లగా పోతే ఆలస్యమైతాది, తొందరగా పోతే ఎగురుతాది. ఏం చెయ్యమంటావు చెల్లెలా?”

“నాకు తెలీదన్నా. నాకు తెలీదు. పో అన్నా, ఎట్లో ఒకట్ల పో.”

“అల్లా ఉండాడు. పెట్టేయ్, చేరినాక ఆస్పత్రోళ్లతో చేపిస్తా.”

“మామా, ఆ పాపకేమన్నా అయితే?”

“కాదు.”

“అయితే?”

“కాదన్నా కదా! దీపం పెట్టు పో. మీ అత్తమ్మ కింద పిలుస్తాంది.”

“నేను ఈ ఫోను వదిలిపెట్టి రాను. మీరే పోయి పెట్టండి.”

“నేనూ పోను.”

“ఆమె ఒక్కతే ఒళ్లో పెట్టుకోని... ముక్కు పట్టుకునిందో లేదో. చెవుడు ఆమెకు. నేను చెప్పింది వినబడిందో లేదో.”

“వినబడింటాది. బిడ్డ మాట అయితే చెవిటోళ్లకూ వినబడతాది.”

“ఎంతసేపు మామా ఆడికి?”

“నా మొగం చూడొద్దు, ఫోను చూడు. వచ్చేస్తారు. వచ్చేసింటారు.”

“గంట దాటె మామా... మోగుతాంది! సార్! సార్, వచ్చినారా?”

“వచ్చారమ్మా. ముక్కులో రక్తం ఆగింది. తలకు స్కాన్ తీశాం, లోపల ఏమీ లేదు. విరుగుడు మొదలుపెట్టాం. రెండు మూడు రోజులు మా దగ్గరే ఉంచుకుంటాం. గండం గడిచినట్టే.”

“మామా, ఆగిందంట! ఆగిందంట!”

“అమ్మా, తల్లీ, కన్యకాపరమేశ్వరీ.”

“సరిగ్గా చెప్పాలంటే సంతకం నాదేనమ్మా. చూడకుండా పెట్టాను. నాకూ శిక్ష ఉంటుంది. కానీ కాగితం మీద జరిగింది జరిగినట్టు ఉండాలి. పిల్ల తండ్రి గని నుంచి నేరుగా ఇక్కడికే వస్తున్నాడు. మీ మామగారిని రేపు పొద్దున రమ్మను. సోమవారం మధ్యాహ్నం ఆ కాగితంలో తనే సున్నా చేర్చానని రాసివ్వాలి.”

“వస్తాడు సార్. సోమవారం మధ్యా... సోమవారమా సార్?”

“అవును, సోమవారం మధ్యాహ్నమే మీ దగ్గర్నుంచి వచ్చింది. అప్పటికప్పుడు అచ్చు తీసి ఇచ్చి పంపించాం. ఎందుకు?”

“ఏం లేదు సార్. ఒక్క నిమిషం. లైన్లో ఉండండి... మామా.”

“ఏందమ్మా? పాప బాగుండాదన్న్యాడు గదా. ఇంక దీపం పెట్టు పో.”

“సోమవారం ముహూర్తాలు. పొద్దన్నుంచి పట్టీలు, మెట్టెలు, అంగట్లో నిలబడేకి సందు లేదు. వెండి చీటీలన్నీ నేనే రాసినా. రెండు చీటీలు రాసేది, పైకి ఉరికొచ్చి నాలుగు వరసలు టైపు చేసేది, మళ్లీ కిందికి ఉరికేది.”

“ఇప్పుడెందుకవన్నీ?”

“అంగట్లో నేనొక్కతే ఎందుకున్న్యా మామా?”

“ఫోన్ పెట్టేయమ్మా. డాక్టరు వింటాంటాడు.”

“మీరు యాడున్న్యారు సోమవారం?”

“యాడుంటే ఏంది? ఈ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు నీకు తూకం చీటీ రాసేది వచ్చునా? సున్నా పెట్టకపోతే చీటీ చించి మళ్లీ రాయించింది ఎవురు? అది నీ చేతికి ఎక్కించింది ఎవురు? ఆ పొద్దు అంగడి నీ నెత్తిన పడేసి పోయిందెవురు? నేను పెట్టినా అంటే అబద్ధమెట్లైతాది? ఊరుకో తల్లీ. నేను ముసలోన్ని, నన్నేం చేస్తారు?”

“సార్, ఉన్న్యారా? మా మామ పేరు రాసుకోవద్దు సార్. సోమవారం పొద్దు ఎక్కక ముందర పోయి పొద్దు మునిగినాక వచ్చినాడు ఆయన, జమ్మలమడుగు నుంచి. ఆ సున్నా నేను పెట్టినా.”